వరండా కటకటాలు, వాకిలి గడప

ఆస్ట్రేలియా ఈశాన్యాన ఉన్న క్వీన్స్‌లాండ్‌లో పాతకాలపు ఇళ్లు నేలకు ఆనవు. పొట్టి చెక్క మొద్దుల మీద ఎత్తి కట్టిన చెక్క ఇళ్లవి. కింద గాలి ఆడుతుంది, చుట్టూ వరండా ఉంటుంది, వరండాకు నిలువు కమ్ముల కటకటాలు ఉంటాయి. ఎండలు మన కోస్తా ఎండల్లాంటివే కాబట్టి ఇంటి బతుకంతా వరండాలోనే గడిచేది. పెద్దలు అక్కడే టీ తాగి అక్కడే కునుకు తీసేవారు. పసివాళ్లు అక్కడే పాకేవారు, కటకటాలు పట్టుకుని నిలబడడం నేర్చుకునేవారు, వాటి సందుల్లోంచి వీధిని చూసేవారు. అలా నిలబడిన పిల్లవాడి నోరు కాస్త అటూఇటూగా పైకమ్మీ ఎత్తుకే వస్తుంది. పళ్లొచ్చే వయసు, ఏది దొరికితే అది కొరికే వయసు. ఆ కమ్మీకి తెల్లరంగు.

1890ల మొదట్లో ఆ రాష్ట్ర రాజధాని బ్రిస్బేన్‌లోని పిల్లల ఆసుపత్రికి ఒకే తీరు జబ్బుతో పిల్లలు రావడం మొదలైంది. ముఖాలు పాలిపోయి ఉండేవి. కడుపులో మెలిపెట్టే నొప్పి, రోజుల తరబడి మలబద్ధకం. నడుస్తుంటే పాదం వేలాడిపోయేది, కొందరికి మణికట్టు నిలిచేది కాదు. కొందరికి ఉన్నట్టుండి మెల్లకన్ను వచ్చేది, చూపు మందగించేది, ఫిట్స్ కూడా వచ్చేవి. జెఫరిస్ టర్నర్ అనే పిల్లల డాక్టరూ, లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కళ్ల డాక్టరూ, వాళ్ల తోటివాళ్లూ కలిసి 1892లో తేల్చిన మాట ఒక్కటే: ఇది సీసం విషం.

ఆ మాట నమ్మడం అప్పటి వైద్యులకు కష్టమైంది. సీసం జబ్బు అంటే పనివాళ్ల జబ్బు. గోడలకు రంగులేసేవాళ్లకు, గనుల్లో దిగేవాళ్లకు, అచ్చుయంత్రాల దగ్గర అక్షరాలు కూర్చే కంపోజిటర్లకు వచ్చేది. నాలుగేళ్ల పిల్ల ఏ గనిలో దిగింది? ఏ అచ్చు కూర్చింది? సీసం పిల్లల ఒంట్లో ఉందని తెలిసింది, ఇంట్లో ఎక్కడుందో మాత్రం తెలియలేదు. అది తెలుసుకోవడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది.

తాగే నీళ్లలోనే ఉంటే ఇంటిల్లిపాదీ పడాలి. వంటగిన్నెల్లో ఉన్నా అంతే. పడుతున్నది పిల్లలు మాత్రమే, అందులోనూ గోళ్లు కొరికే పిల్లలు, బొటనవేలు చీకే పిల్లలు. గిబ్సన్ ఈ చిన్న విషయాన్ని వదిలిపెట్టలేదు. కళ్ల డాక్టరు కాబట్టి కాబోలు, అందరూ చూసి దాటేసిన చోట ఆయన కన్ను ఆగింది. క్వీన్స్‌లాండ్ ఎండకూ వానకూ వరండా రంగు కొన్నాళ్లకే బిగువు తప్పి పిండిలా పొడి కడుతుంది. ఎండ మెండుగా తగిలే కమ్మీ మీద మరీనూ. చెమటతోనో ఉమ్మితోనో తడిసిన పిల్లల వేళ్లకు ఆ పొడి అంటుకుంటుంది, ఆ వేళ్లు నోట్లోకి పోతాయి. 1904లో ఆయన ఆస్ట్రేలియా వైద్యపత్రికలో వ్యాసం రాసి, రంగు వేసిన కటకటాలూ గది గోడలే ఈ విషానికి మూలమని గట్టిగా వాదించాడు. ఇంట్లో సీసం ఎక్కడుందో వేలుపెట్టి చూపించిన తొలి వైద్యుల్లో ఆయన ఒకడు. ‘వేలుపెట్టి’ అన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఆ తెల్లరంగు పుట్టుక కూడా చెప్పుకోవాలి. దాని పేరు తెల్లసీసం. హాలండ్ పద్ధతిలో దాన్ని తయారుచేసేవారు. మట్టి కుండల అడుగున వెనిగర్ పోసి, పైన సీసపు రేకులు చుట్టలు చుట్టి పెట్టేవారు. అలాంటి కుండల వరసలను గుర్రపు పేడలోనో, తోళ్లు పదును చేసేవాళ్లు వాడి పారేసిన బెరడులోనో పూడ్చేవారు. పేడ మురుగుతూ వేడిని, బొగ్గుపులుసు వాయువును ఇచ్చేది. వెనిగర్ ఆవిరి సీసాన్ని తినేది. మూడు నెలలకు తీసి చూస్తే బూడిదరంగు రేకు తెల్లటి పెచ్చులుగా మారి ఉండేది. దాన్ని నూరి, అవిసె నూనెలో కలిపితే రంగు సిద్ధం. బ్రష్షుకు ఇంపుగా సాగుతుంది, ఒక్క పూతకే చెక్కను కప్పేస్తుంది, వానకు చెక్కను కాపాడుతుంది. చేతిపనివాళ్లు దాన్ని మెచ్చుకున్నారంటే ఊరికే కాదు. సీసపు లవణాలు కొన్ని తియ్యగా ఉంటాయి కూడా. ఒకదానికైతే ‘సీసపు చక్కెర’ అనే పేరే ఉంది.

ఆ తీపి మూలంగా మోసపోయినవాళ్లు పిల్లలు మాత్రమే కాదు. పులిసిపోయిన ద్రాక్షసారాకు తీపి తేవడానికి దాంట్లో సీసపు భస్మం కలపడం యూరప్‌లో పాత అలవాటు. 1696లో జర్మనీ ఉల్మ్ ఊరి వైద్యుడు ఎబర్‌హార్డ్ గోకెల్ కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న సన్యాసులను చూసి, సారా తాగనివాళ్లకు ఆ జబ్బు లేదని గమనించాడు. వర్టెంబర్గ్ డ్యూక్ ఆ కల్తీని నిషేధించాడు. గంధకం చేరిన ఒక ద్రావణం సారాలో వేస్తే సీసం ఉన్నది నల్లబడుతుంది. ఈ పరీక్ష ఆ తర్వాతి శతాబ్దంలో వాడుకలోకి వచ్చింది.

1767లో ఇంగ్లండ్ డాక్టర్ జార్జ్ బేకర్ అదే కిటుకును తన సొంత జిల్లా డెవన్ మీద ప్రయోగించాడు. అక్కడ సైడర్ అనే ఆపిల్ కల్లు ఊరూరా తాగేవారు, కడుపునొప్పి ఊరూరా ఉండేది. హెర్‌ఫర్డ్ జిల్లా సైడర్‌లో ద్రావణం వేస్తే రంగు మారలేదు. డెవన్ సైడర్ నల్లబడింది. డెవన్‌లో ఆపిళ్లు పిండే రాతి గానుగల అతుకులకు సీసం పోసేవారు, కొన్నిచోట్ల తొట్టెలకు లోపల సీసపు రేకు తొడిగేవారు. కన్నతల్లి లాంటి జిల్లాకు అప్రతిష్ఠ తెచ్చాడని పాదరీలు, గానుగల యజమానులు బేకర్ మీద విరుచుకుపడ్డారు. సీసం చరిత్రలో ఇలాంటి తిట్లు ప్రతి అధ్యాయంలోనూ ఉంటాయి.

గిబ్సన్‌కూ అదే అనుభవం. రంగు వల్ల ఇంతమందికి జబ్బు రావడం కుదరదని తోటి డాక్టర్లే కొందరు కొట్టిపారేశారు. 1904లో చెప్పిన మాటకు చట్టం రావడానికి 1922 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ తెల్లసీసం మీద ఒక ఒడంబడిక చేసింది: భవనాల లోపలి గోడలకు దాన్ని వాడొద్దని. మంచిదే. కానీ ఆ ఒడంబడిక కళ్లముందు ఉన్నది పెయింటరు, పిల్లవాడు కాదు. క్వీన్స్‌లాండ్ చట్టం మాత్రం పిల్లవాడి కోసమే పుట్టింది. 14 ఏళ్ల లోపు పిల్లలు తిరిగే ఇళ్ల బయటి భాగాల మీద, నేల నుంచి నాలుగడుగుల ఎత్తు లోపల, కరిగే సీసం 5 శాతం మించిన రంగు వేయకూడదని అది శాసించింది. నాలుగడుగులంటే పిల్లవాడి చెయ్యి, నోరు అందే మేర. చట్టాలు రాసేవాళ్లు టేపు పట్టుకుని పిల్లవాడి పక్కన నిలబడిన సందర్భాలు అరుదు. ఇది అలాంటిది.

అయితే అప్పటికే పెరిగి పెద్దయిన పిల్లల సంగతి? 1954లో హెండర్సన్ అనే వైద్యుడు పాత రిజిస్టర్లు తిరగేశాడు. 1915 నుంచి 1935 వరకు బ్రిస్బేన్‌లో సీసం విషానికి వైద్యం పొందిన 401 మంది పిల్లల జాడ తీయబోయాడు. దొరికినవాళ్లలో 165 మంది అప్పటికే చనిపోయి ఉన్నారు. వాళ్లలో సగానికి మించి కిడ్నీల జబ్బుతోనో, దాన్నంటి వచ్చే రక్తపోటుతోనో పోయారు. పసితనంలో నోట్లోకి పోయిన పొడి ముప్ఫై, నలభై ఏళ్ల వయసులో పని ముగించింది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది. ఇంట్లో సీసం ఉందో లేదో చెప్పే పరికరంగా దాదాపు వందేళ్లు పనిచేసింది పిల్లవాడి ఒళ్లే. పిల్ల పడిపోతే అప్పుడు ఇల్లు వెతికారు. ఇల్లు ముందు వెతికి పిల్లను కాపాడిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అమెరికాలోనూ ఇదే వరస. 1914లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు థామస్, బ్లాక్‌ఫాన్ ఒక పిల్లవాడి కథ ప్రచురించారు. తన మంచం కమ్మీల మీది తెల్లరంగును కొరికి తిని, ఫిట్స్‌తో చనిపోయిన అయిదేళ్ల బాబు. మళ్లీ కమ్మీలే. ఆ దేశంలో తెల్లసీసం అమ్మే పెద్ద కంపెనీ వ్యాపార గుర్తు ‘డచ్ బాయ్’ అనే బుల్లి పిల్లవాడు, చేతిలో బ్రష్షుతో. 1920ల్లో ఆ పిల్లవాడి బొమ్మతో పిల్లల కోసమే రంగులు వేసుకునే పుస్తకాలు పంచారు. ఇంతకన్నా చేదైన ప్రకటన ఊహించడం కష్టం. 1935లో బాల్టిమోర్ నగర ఆరోగ్యశాఖ పిల్లలకు ఉచితంగా రక్తంలో సీసం పరీక్ష మొదలుపెట్టింది. 1951లో ఇళ్ల లోపల ఆ రంగును నిషేధించింది. దేశమంతటికీ ఆ నిషేధం రావడానికి 1978 అయింది.

పెట్రోలు కథ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో: 1923లో అమెరికాలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకానికి వచ్చింది; ఆ మరుసటి ఏడే దాన్ని తయారుచేసే చోట అయిదుగురు పనివాళ్లు మతితప్పి చనిపోయారు; అయినా అది ప్రపంచమంతా పాకింది; భారత్ 2000లో మానేసింది; చివరగా అల్జీరియా 2021లో.

గోడ, పెట్రోలు రెండూ కలిసి మామూలుగా ఆడుకుంటూ కనిపించే పిల్లలకు ఏం చేస్తున్నాయన్నది అమెరికా పిల్లల డాక్టరు హెర్బర్ట్ నీడిల్‌మన్‌ను పట్టుకున్న ప్రశ్న. రక్తంలో సీసం నెలరోజుల్లో సగానికి తగ్గిపోతుంది, కాబట్టి ఈ రోజు తీసిన రక్తం నిరుటి సంగతి చెప్పదు. పంటికి మాత్రం జ్ఞాపకం ఉంటుంది. సీసాన్ని మన ఒళ్లు కాల్షియం అనుకుని ఎముకల్లో, పళ్లలో దాచుకుంటుంది. మన పిల్లలు ఊడిన పాలపన్నును ఇంటి కప్పు మీదికి విసురుతారు. బోస్టన్ పక్కనున్న చెల్సీ, సోమర్‌విల్ బడుల్లో ఒకటో, రెండో తరగతి పిల్లలు వాటిని టీచరుకు అప్పజెప్పారు. చిగురులో కొత్త సందు ఉందో లేదో టీచరు నోరు తెరిపించి చూసేది. 1979లో ఫలితం అచ్చయింది. పంటిలో సీసం ఎక్కువున్న పిల్లలకు తెలివితేటల పరీక్షల్లో మార్కులు తక్కువ, తరగతిలో ధ్యాస తక్కువ. వాళ్లెవరూ ఆసుపత్రి మెట్లు ఎక్కినవాళ్లు కాదు.

అప్పటి నుంచి గీత దిగుతూ వచ్చింది. 100 మిల్లీలీటర్ల రక్తంలో, అంటే ఓ చిన్న గ్లాసుడు రక్తంలో, 60 మైక్రోగ్రాముల సీసం ఉన్నా ఫరవాలేదని 1960ల్లో అమెరికా వైద్యశాఖ అనుకునేది. 1991కి ఆ గీత 10కి దిగింది, 2012లో 5కి, 2021లో 3.5కి. నిన్న ‘నార్మల్’ అని రిపోర్టు పట్టుకుని ఇంటికెళ్లిన పిల్లవాడు ఇవాళ్టి లెక్కలో రోగి. ఇంతకన్నా తక్కువైతే ప్రమాదం లేదనే అంకె ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మన దగ్గర ఈ లెక్క పెద్ద ఎత్తున మొదట తీసినది బెంగళూరులోని జార్జ్ ఫౌండేషన్. 1990ల చివర్లో హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో వేలమంది రక్తం పరీక్షించింది. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో సగానికి పైగా అప్పటి గీత 10ని దాటారు. అందులో పెట్రోలు వాటా పెద్దది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మాలన్నారు. పొగ తగ్గింది, పీడ విరగడైందనుకున్నారు. 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ అనే సంస్థ కలిసి అంచనా వేస్తే, రక్తంలో సీసం 5 దాటిన పిల్లలు ప్రపంచంలో 80 కోట్లు, వాళ్లలో మన దేశంవాళ్లు 27 కోట్లకు పైగా. పెట్రోలు పోయాక కూడా ఇంతమందా? అంటే మిగిలినది ఇంట్లోనే ఉంది.

తెలుగు ఇంటికి ఒక అదృష్టం ఉండేది: సున్నం. సున్నం వేసిన గోడలో సీసం లేదు, పెచ్చు తిన్న పిల్లకు కడుపునొప్పి వస్తే రావచ్చు గాని తెలివి పోదు. సీసం మన ఇళ్లకు ఎనామిల్ రంగుతో వచ్చింది. తలుపులకు, కిటికీ ఊచలకు, ఇనప గేట్లకు, పిల్లల ఉయ్యాలకు. వాటిలోనూ పసుపుపచ్చ, నారింజ రంగుల్లో సీసం ఎక్కువని దేశంలో జరిగిన పరీక్షల్లో పదేపదే తేలింది, ఎందుకంటే ఆ పసుపుదనం సీసపు క్రోమేట్‌ది. ఇప్పుడు వాకిలి గడపను తలుచుకోవాలి. అమ్మమ్మలు శుక్రవారం శుక్రవారం గడప కడిగి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవారు. వారం వారం రాయడం ఎవరి వల్ల అవుతుందని, ఎప్పుడో ఒకప్పుడు పసుపుపచ్చ ఎనామిల్ డబ్బా తెచ్చి పూసేశారు. ఎర్ర బొట్లు కూడా పెయింటుతోనే. అందరి కాళ్లూ తొక్కి అరగదీసే చోటు అది. పాకే పిల్లవాడు దాటలేక, రెండు చేతులూ ఆనించి, అప్పుడప్పుడు నోరూ ఆనించే చోటు కూడా అదే. బ్రిస్బేన్ కటకటాలకు మన గడపే సరిజోడు.

ఇళ్ల రంగుల్లో సీసానికి భారత ప్రభుత్వం 2016 నవంబరులో నిబంధన తెచ్చింది, ఏడాది తర్వాత అమల్లోకి వచ్చింది. పదిలక్షల భాగాల రంగులో 90 భాగాలకు మించి సీసం ఉండకూడదు, డబ్బా మీద ఆ సంగతి రాయాలి. గిబ్సన్ వ్యాసానికీ దీనికీ మధ్య 112 ఏళ్లు. పైగా ఇది ఇళ్ల రంగులకే. ఫ్యాక్టరీ పనులకు వాడే రంగులకు వర్తించదు. అలాంటి డబ్బా ఒకటి మిగిలిపోతే ఎవరో దాన్ని ఇంటి గేటుకో, బడి బల్లకో పూయరన్న హామీ లేదు.

పసుపు సంగతి ఇంకా విచిత్రం. గడప మీద పసుపు పోయి సీసపు క్రోమేట్ వచ్చింది. బంగ్లాదేశ్‌లో అదే క్రోమేట్ పసుపులోకే వచ్చింది. 1980ల్లో వరదలకు తడిసి రంగు వెలిసిన కొమ్ములను మెరిపించడానికి అక్కడి వ్యాపారులు ఆ పొడి అద్దడం మొదలుపెట్టారు, తర్వాత వరదలతో పనిలేకుండా అలవాటైంది. పల్లెల్లో గర్భిణుల రక్తంలో సీసం ఎక్కడి నుంచి వస్తోందో తెలియక వెతికిన స్టాన్‌ఫర్డ్, ఢాకా పరిశోధకులు చివరికి వంటింటి డబ్బా దగ్గర తేలారు. 2019లో అక్కడి బజార్ల నమూనాల్లో 47 శాతంలో కల్తీ దొరికింది. తుపాకీలా చేత్తో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో అధికారులు హోల్‌సేల్ బజారులో దిగారు, జరిమానాలు వేశారు, పేపర్లు, టీవీలు హోరెత్తించాయి. 2021లో మళ్లీ చూస్తే సున్నా. ఈ చరిత్ర మొత్తంలో ఇంత తొందరగా గెలిచిన ఘట్టం ఇంకోటి లేదు. దుగ్గిరాల, నిజామాబాద్ యార్డుల పేరు చెప్పుకునే మనం ఆ కథను ఇంకా శ్రద్ధగా చదవాలి. సీసపు క్రోమేట్ పరీక్షలో పసుపు నిలవాలన్నది మన ఆహార నిబంధనల్లోనూ ఉన్నదే. పొడి కన్నా కొమ్ములు కొని పట్టించుకోవడం మేలు, అదీ మరీ మెరిసిపోయే కొమ్ములు కాకుండా.

కుంకుమదీ ఇలాంటి కథే. పసుపు కొమ్ములను నిమ్మరసంలో నానబెట్టి, వెలిగారం, పటిక చేర్చి, ఎండబెట్టి దంచితే వచ్చే ఎరుపులో సీసం ఉండదు. సిందూరం అనే పేరుతో అమ్మే నారింజ ఎరుపు పొడి వేరు. పాత రసశాస్త్రంలో సిందూరం అంటే కాల్చిన సీసమే. 2017లో రట్గర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు న్యూజెర్సీలోని భారతీయ దుకాణాల్లోనూ, ముంబయి, ఢిల్లీల్లోనూ సిందూరం కొని పరీక్షించారు. న్యూజెర్సీ నమూనాల్లో 83 శాతంలో, ఇక్కడివాటిలో 78 శాతంలో సీసం కనబడింది. న్యూజెర్సీలోని ఎడిసన్ ఊళ్లో తెలుగు మాట వినపడని దుకాణం ఉండదు కాబట్టి ఇది మనవాళ్ల ఇంటి వార్తే.

ఇక కళాయి. ఒకప్పుడు కళాయివాడు వీధి మలుపులో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తితో నిప్పు రాజేసి, ఇత్తడి గిన్నెను ఎర్రగా కాల్చేవాడు. నవాసాగరం చల్లితే తెల్లటి పొగ గుప్పుమనేది. తగరం ముక్క అలా తాకించి, దూదిముద్దతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండిలా మెరిసేది. పిల్లలు చుట్టూ మూగి చూసేవారు. తగరం ఖరీదు, సీసం చవక. రెండూ కలిసి కరుగుతాయి, కంటికి ఒకటిలాగే కనిపిస్తాయి. సీసం కలిసిన కళాయి గిన్నెలో చింతపండు పులుసు మరిగిస్తే ఏమవుతుందో డెవన్ గానుగలు ముందే చెప్పాయి. పాత సామాను కరిగించి పోసిన అల్యూమినియం గిన్నెలకూ ఈ అనుమానం తగులుతుంది. అమెరికాలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ ఆరోగ్యశాఖ అఫ్గాన్ శరణార్థుల పిల్లల రక్తంలో సీసం మూలాన్ని వెతుకుతూ వాళ్ల వంటపాత్రల దాకా వెళ్లింది. 2024లో వాషింగ్టన్ రాష్ట్రం వంటపాత్రల్లో సీసానికి చట్టంతో హద్దు పెట్టింది.

పరీక్ష అన్నది ఎంత మెలికలు తిరుగుతుందో ఏలూరు చూసింది. 2020 డిసెంబరు 5న వన్‌టౌన్ వీధుల్లో మనుషులు నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఫిట్స్ వచ్చి, నోట నురగతో పడిపోయారు. కొద్దిరోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ దొరికాయనగానే ఊరంతా నీళ్ల గురించి, బ్యాటరీల గురించి మాట్లాడుకుంది. చివరికి నిపుణుల వేలు పురుగుమందుల అవశేషాల వైపు తిరిగింది. అంతకుముందు ఆ ఊరి జనం రక్తంలో సీసం ఎంతుండేదో లెక్క ఉండి ఉంటే, దొరికిన సీసం కొత్తదో పాతదో మొదటిరోజే తెలిసేది. ప్రశాంతంగా ఉన్నప్పుడు చేయని పరీక్ష గండం వచ్చినప్పుడు సగమే పనికొస్తుంది.

ఇంట్లో చేయదగ్గవి ఉన్నాయి. రంగు మీద రుద్దితే గులాబీ రంగుకు తిరిగే పుల్లలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నల్లబడే రకమూ ఉంది, అది బేకర్ వాడిన గంధకపు కిటుకుకు మునిమనవడు. అవి తప్పు చెప్పే అవకాశమూ ఉంది. ఎర్రరంగు మీద గులాబీ కనబడదు, పై పూత కింద దాగిన పాత పూత వాటికి అందదు. కచ్చితంగా కావాలంటే పెచ్చును గుర్తింపున్న ల్యాబుకు పంపాలి. ఒంట్లో ఉందో లేదో చెప్పేది మాత్రం రక్తపరీక్ష ఒక్కటే. చెప్పుకోదగ్గ కారణం ఉంటే, అంటే పాత ఇంటి రంగు పనో, ఇంట్లో ఎవరైనా బ్యాటరీలు విప్పే పనో, విసురువలకు సీసపు గుండ్లు పోసే పనో చేస్తుంటే, పిల్లల డాక్టరును అడగాలి. ఆ పని చేసినవాళ్లు స్నానం చేసి బట్టలు మార్చకుండా పిల్లను ఎత్తుకోకూడదు. ఐరన్, కాల్షియం తక్కువైన ఒళ్లు సీసాన్ని మరింత ఆత్రంగా పీల్చుకుంటుంది, కాబట్టి రాగి సంకటి, ఆకుకూరలు, పాలు కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

అన్నిటికన్నా ప్రమాదం పండగ ముందు వస్తుంది. సంక్రాంతికో, పెళ్లికో పెయింటర్లు దిగి, పాత తలుపులను గరుకు కాగితంతో బరబరా రుద్ది, లప్పం పెట్టి, మళ్లీ రుద్దుతారు. ఏళ్లుగా చెక్కను అంటిపెట్టుకుని ఉన్న సీసం ఆ రెండు రోజుల్లో ఇల్లంతా దుమ్మై పరుచుకుంటుంది, అందులోనే పిల్లలు పాకుతారు. పొడిగా రుద్దనివ్వకండి, తడిపి గీకించండి, మంటపెట్టి రంగు ఊడదీయడం అసలే వద్దు. ఆ రోజుల్లో పిల్లలనూ కడుపుతో ఉన్నవాళ్లనూ అమ్మమ్మగారింటికి పంపండి. పని అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో రెండుసార్లు తుడవండి. రంగు గట్టిగా ఉంటే గీకకుండా దాని మీదే కొత్త పూత వేయించడం మేలు.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో నేల మీద కూర్చుని, నాలుగడుగుల ఎత్తు లోపల ఉన్నవన్నీ ఒక్కొక్కటే చూడండి: గడప, తలుపు అంచు, కిటికీ గట్టు, గేటు కింది ఊచలు, ఉయ్యాల కోళ్లు. వేలు తడిచేసుకుని వాటి మీద రుద్దండి. వేలికి పొడి అంటుకుంటే, ఆ రంగు 2017కు ముందుదైతే, ముందు ఆ చోటు సంగతి చూడండి.